ఎవరి ముడి ముందు

ప్రతి మగాడికీ ఒక్క పెళ్లామే ఉండాలని పాదిరిగారు చెప్పిన రోజు సెంతెవా రోజూ తినేదానికంటే నాలుగు రొట్టెలు ఎక్కువ తింది.

ఆ మాట చర్చి ముంగిట్లో చెప్పారు. చర్చికి ఇంకా కప్పు పడలేదు. పాత గుడి పడగొట్టిన రాళ్లతోనే గోడలు లేస్తున్నాయి కాబట్టి ఒక్కో రాయి మీద సగం పాము తలో, సగం పువ్వో ఇంకా కనిపిస్తూనే ఉంది. పాదిరిగారు తన స్పెయిన్ భాషలో చెప్పుకుపోతుంటే, పక్కన నిలబడ్డ దుబాసీ గాస్పర్ దాన్ని ఊరివాళ్ల భాషలోకి మార్చి అరిచాడు.

"మొదట ఎవరిని పెళ్లాడారో ఆమే దేవుడి ముందు భార్య. తక్కినవాళ్లు పుట్టిళ్లకి వెళ్లిపోవాలి. సరే అన్నవాళ్లకి చర్చిలో మళ్లీ పెళ్లి చేస్తాం. కాదన్నవాళ్లకి ఊళ్లో ఏ పెద్దరికమూ ఉండదు."

మగాళ్ల వైపు ఒక్క గొంతు లేవలేదు. ఆడవాళ్ల వైపు మాత్రం గాలికి మొక్కజొన్న చేను కదిలినట్టు ఒక గలగల పుట్టి, ఈ చివరినుంచి ఆ చివరికి పాకింది. సెంతెవా తల తిప్పకుండా, కళ్లు మాత్రం పక్కకి తిప్పి చూసింది. రెండు బారల దూరంలో సవతి నెకవాల్ కూర్చుని ఉంది. ఒళ్లో ఆమె అయిదేళ్ల కూతురు షోకో నిద్రపోతోంది. నెకవాల్ ముఖంలో ఏమీ తెలియలేదు. అదే సెంతెవాకి నచ్చలేదు. కనీసం పాలిపోవచ్చు కదా!

సెంతెవా భర్త సోలిన్ ఇరవై ఇళ్లకి పెద్ద. ఊరిని ఏలే స్పెయిన్ దొరగారికి పన్నుగా చెల్లించాల్సిన నూలు బట్టల్ని ఆ ఇరవై ఇళ్లనుంచి పోగుచెయ్యడం, రాళ్లు మొయ్యడానికి మనుషుల్ని పంపడం అతని పని. సెంతెవా అతని మొదటి భార్య. పదహారో ఏట ఈ గడప తొక్కింది. ఆ మరుసటి ఏడే మశూచికం వచ్చి ఊరిని సగం చేసింది. అది ఆమె అత్తనీ మామనీ తీసుకుపోయింది. ఇంకా పాలు మరవని కొడుకుని తీసుకుపోయింది. ఆమెను మాత్రం ముఖం నిండా గుంటలు పెట్టి వదిలేసింది. తర్వాత కడుపు పండలేదు. పదేళ్లు చూసి సోలిన్ పక్క ఊరినుంచి నెకవాల్‌ని తెచ్చుకున్నాడు.

నెకవాల్ ముఖం మీద ఒక్క మచ్చ కూడా లేదు. మశూచికం వచ్చిన ఏడు ఆమె నాలుగేళ్ల పిల్ల. ఇంట్లో అందరికీ పొక్కులు లేచినా ఆమెకి లేవలేదట. దానికి కూడా సెంతెవాకి కోపమే.

ఒకటనేమిటి, ఆ పిల్ల పెనం మీద వేసిన ప్రతి రొట్టే పొంగుతుంది. సెంతెవావి పదింటికి ఆరు పొంగుతాయి. రెండు పొయ్యిలు, రెండు బుట్టలు ఉన్నా సోలిన్ చెయ్యి చూడకుండానే కుడివైపు బుట్టలోకి పోతుంది. కుడివైపుది నెకవాల్ బుట్ట. ఒకసారి సెంతెవా బుట్టల చోటు మార్చి పెట్టింది. అతని చెయ్యి కాసేపు గాలిలో ఆగి, ఎడమవైపుకి తిరిగింది. ఆ రోజు సెంతెవా నీళ్ల కుండ పగలగొట్టి, పిల్లి పగలగొట్టిందని చెప్పింది. వాళ్లింట్లో పిల్లి లేదు.

చివరికి పేరులో కూడా వాటా వచ్చిపడింది. రెండేళ్ల క్రితం పాదిరులు ఊరంతటికీ నీళ్లు చల్లి మతం ఇచ్చినప్పుడు, తీరిక లేక ఆ పూట వచ్చిన ఆడవాళ్లందరికీ ఒకటే పేరు పెట్టేశారు. అలా సెంతెవా మగ్దలేనా అయింది. ఆమె వెనక వరసలో నిలబడ్డ నెకవాల్ కూడా మగ్దలేనాయే. "నా మొగుడు చాలలేదా, నా పేరు కూడా కావాల్సి వచ్చిందా నీకు?" అని సెంతెవా అడిగితే నెకవాల్ నవ్వి, "తీసేసుకో అక్కా, నాకు అది నోరు తిరగట్లేదు," అంది.

ఇప్పుడు ఆ నవ్వు ఎలా ఉంటుందో చూడాలి. ఆ సాయంత్రం సెంతెవా చాలా రోజుల తర్వాత పాట పాడుకుంటూ పిండి నూరింది.

ఆ సంతోషం అయిదు రోజులు ఉంది. ఆరో రోజు పొద్దున పక్కింటి తెపిన్ వాకిట్లోకి వచ్చి కూలబడింది.

"మా ఆయనకి మతిపోయిందే సెంతెవా."

"ఏమైంది? పడ్డాడా?"

"పడితే బావుణ్ణు. మొదటి పెళ్లాం ఎవరని పాదిరి అడిగితే గుర్తులేదన్నాడు. పక్కనే నిలబడ్డాను నేను! పద్నాలుగేళ్ల కాపురం! నా ముఖం చూస్తూ, 'ఇద్దరిలో ఎవరో అయ్యా, చాలాకాలం అయింది కదా' అన్నాడు."

"అయితే?"

"అయితే ఏముంది? దూరాన పోపుగారని వాళ్లకో పెద్ద గురువున్నాడట. గుర్తులేనివాడు తనకి నచ్చినదాన్ని ఉంచుకోవచ్చని ఆయన ఉత్తరం రాశాడట. గాస్పర్ చదివి చెప్పాడు. ఇంకేం, మా ఆయన వేలు ఆ పిల్ల వైపు చూపించాడు. వేలు చూపించడం మాత్రం బాగానే గుర్తుంది వెధవకి."

సెంతెవా చేతిలోని పిండిముద్ద అలాగే ఉండిపోయింది.

"నువ్వొక్కదానివేనా?"

"నేనా? నిన్న ఒక్క పూటలో తొమ్మిదిమంది మగాళ్లకి మతిమరుపు వచ్చింది. ఆ కుంటి కోవాత్ లేడూ, వాడికి తన దుక్కికర్ర ఏ ఏడు ఎవరి దగ్గర మార్చుకున్నాడో కూడా గుర్తు. వాడికీ గుర్తులేదట. మా అన్న ఇంటికి పోతున్నాను. నీకేంలే, మీ ఆయన పెద్దమనిషి." ఆ చివరి మాట అంటున్నప్పుడు తెపిన్ సెంతెవా ఇంటిని గడపనుంచి కప్పుదాకా ఒకసారి చూసింది.

ఆ రోజు సెంతెవా తన పెళ్లినాటి వంట వండింది. చిక్కుడు గింజలు పెట్టి, ఆకులో చుట్టి ఉడికించిన ముద్దలు. పైన ఎర్ర మిరపకాయల పులుసు. సోలిన్ ఒకటి విప్పి తిన్నాడు.

"ఇవి ఎప్పుడు తిన్నామో గుర్తుందా?" అంది.

"మొన్న పండక్కి."

"అంతకు ముందు."

"అంతకు ముందు పండక్కి." అతను ఇంకోటి విప్పాడు. "ఏంటే ఈ ప్రశ్నలు? ఆ గాస్పర్‌లా."

"మీ అమ్మ నా నోట్లో నాలుగు ముద్దలు పెట్టింది. తర్వాత నీ నోట్లో నాలుగు. పొయ్యి ముందు చాప మీద కూర్చోబెట్టి, నా పై బట్ట అంచుకీ నీ దుప్పటి అంచుకీ ముడేశారు. నీకు తుమ్ము వచ్చి ముడి లాగేస్తే నేను నీ మీద పడ్డాను. అందరూ నవ్వారు."

సోలిన్ పొయ్యి వైపు చూశాడు. పొయ్యికి అవతల నెకవాల్ కూర్చుని పిల్ల జుట్టులో ముళ్లు తీస్తోంది. అతని చూపు అక్కడ కాసేపు ఆగింది.

"మశూచికానికి ముందు సంగతులు ఎవరికి గుర్తుంటాయే," అన్నాడు. లేచి చేతులు కడుక్కున్నాడు.

అతని మాటకంటే, ఆ మాట అన్నప్పుడు నెకవాల్ వేళ్లు పిల్ల జుట్టులో ఒక్క క్షణం ఆగడం చూసి సెంతెవాకి ఎక్కువ మండింది. సంతోషం కాబట్టే ఆగాయి, ఇంకెందుకు ఆగుతాయి?

మర్నాడు ఆమె కిత్తనార గట్టు దాటి పాపాన్ అవ్వ గుడిసెకి వెళ్లింది. ఒకప్పుడు ఊళ్లో పెళ్లి సంబంధాలు కుదిర్చిందీ, ముళ్లు వేసిందీ, పురుళ్లు పోసిందీ పాపాన్ అవ్వే. ఇప్పుడు ఎవరైనా అడిగితే బుట్టలల్లుకుంటానని చెబుతుంది.

"అవ్వా, నా కొంగుముడి నువ్వే కదా వేశావు?"

అవ్వ ముందు వాకిలి వైపు చూసి ఎవరూ లేరని తేల్చుకుంది. "నేనేనే. ఎండుగడ్డి తాడులా ఉండేదానివి. నాలుగో ముద్దకి పొలమారి అత్త బట్ట మీదంతా ఊశావు."

"నెకవాల్‌ది?"

"దానికి ముడేంటి? రెండో ఆడదానికి ముడుండదు. చాపేసి కూర్చోబెడతాం, అంతే. నీకు తెలీదా?"

సెంతెవాకి ప్రాణం లేచొచ్చింది. "అయితే వచ్చి ఆ మాట పాదిరిగారికి చెప్పు."

అవ్వ నవ్వింది. నోట్లో రెండు పళ్లే ఉన్నాయి. "నేనా? నన్ను చూస్తే మంత్రగత్తెనంటారు. జుట్టు కత్తిరించి ముంగిట్లో నిలబెడతారు. ఆ మగాళ్లు మర్చిపోతే వాళ్లకి పెళ్లి. నేను గుర్తుపెట్టుకుంటే నాకు కొరడా." కాసేపు బుట్ట అల్లింది. తర్వాత నెమ్మదిగా అంది. "నీ పెళ్లేడు మొత్తం పదకొండు ముళ్లేశాను పిల్లా. ఏడు తిరిగేసరికి రెండు కొసలూ బతికున్న ముడి నీదొక్కటే. అది వాడికి గుర్తులేకపోతే, దాన్ని నేనేం గుర్తు చేస్తాను?"

తిరిగి వస్తూ దారిపొడుగునా సెంతెవా ఒకటే లెక్క వేసింది. అవ్వ రాదు. సోలిన్ మర్చిపోతాడు. ఇంక తను పోవడానికి పుట్టిల్లు కూడా లేదు. పుట్టింట్లో మశూచికం ఒక్కరిని కూడా మిగల్చలేదు. ఆ చోట ఇప్పుడు దొరగారి గొర్రెలు మేస్తున్నాయి. నెకవాల్‌కి తల్లి ఉంది, అక్క ఉంది, మగ్గం వేసుకోవడానికి వాళ్ల వాకిట్లో చెట్టు ఉంది. అన్నీ ఉన్నదానికే మళ్లీ ఈ ఇల్లు కూడానా?

అప్పుడు ఆమెకి మొక్కజొన్న తల్లి గుర్తొచ్చింది.

వాళ్లింట్లో గాదె కింద, కుండ పెంకు మాటున, జానెడు మట్టిబొమ్మ ఒకటి ఉంది. అత్తగారి నాటిది. కోత కోసినప్పుడు మొదటి కంకి ఆ తల్లి ముందు పెడతారు. అలాంటివి ఎవరింట్లో దొరికినా పాదిరులు ఊరుకోరు. 'మా ఇంట్లో నెకవాల్ బొమ్మకి మొక్కుతోందయ్యా' అని ఒక్క మాట గాస్పర్ చెవిలో వేస్తే చాలు. గుర్తున్నా లేకపోయినా, బొమ్మలకి మొక్కేదాన్ని పాదిరి సోలిన్ పక్కన నిలబడనివ్వడు.

ఆ మాటని నోట్లో తిప్పుకుంటూ ఆమె గాస్పర్ ఇంటికి వెళ్లింది. తిప్పుకున్నకొద్దీ అది తియ్యగానే ఉంది. గాస్పర్ ముంగిట్లో ఒక ముసలాయన రాయి మీద కూర్చుని ఉన్నాడు. పాత గుడిలో ధూపం వేసే మనిషి. ఒకడు కత్తెరతో ఆయన జుట్టు ముద్దలు ముద్దలుగా కత్తిరిస్తున్నాడు. ముసలాయన తన ఒళ్లో పడ్డ జుట్టుని పువ్వులు ఏరుకున్నట్టు ఏరుకుని పక్కన పెట్టుకుంటున్నాడు. వీపు మీద బట్ట రక్తానికి అంటుకుపోయింది.

"ఏమ్మా, ఏం కావాలి?" అన్నాడు గాస్పర్ గుమ్మంలోంచి.

సెంతెవా నోరు తెరిచింది. నెకవాల్ మీద జాలి కలిగి ఆగిందని చెబితే అబద్ధం. ఆ గాదె తన గది వైపు ఉంది. ఆ పెంకు తను రోజూ తుడుస్తుంది. వచ్చి వెతికేవాళ్లు ఏ మగ్దలేనా మొక్కిందని అడగరు. ఇద్దరినీ కూర్చోబెడతారు ఈ రాయి మీద.

"మా వంతు ఎప్పుడో కనుక్కుందామని వచ్చాను," అంది.

"ఎల్లుండి పొద్దున. ఇద్దరూ రావాలి. మీ ఆయనకి బాగా గుర్తు చేసుకోమని చెప్పు." గాస్పర్ చివరి మాట నవ్వుతూ అన్నాడు. ఊళ్లో ఇది నవ్వులాట అయిపోయిందని ఆమెకి అప్పుడు తెలిసింది.

ఎల్లుండి వచ్చింది. ఇంటినుంచి చర్చికి ముగ్గురూ వరసగా నడిచారు. ముందు సోలిన్, వెనక సెంతెవా, ఆ వెనక పిల్లని నడుముకెత్తుకుని నెకవాల్. సెంతెవా తనకున్నవాటిలో మంచి బట్ట కట్టుకుంది. నెకవాల్ రోజూ కట్టుకునే మాసిన బట్టతోనే వచ్చింది. దీనికి కూడా సెంతెవాకి ఒళ్లు మండింది. గెలుపు అంత ఖాయమా, తయారవ్వనక్కర్లేనంత?

వాళ్లకి ముందు కోవాత్ తమ్ముడి వంతు. వాడు నుదురు నలుపుకుని, ఆకాశం వైపు చూసి, "గుర్తు రావట్లేదయ్యా," అన్నాడు. వెనకనుంచి ఎవరో ఆడమనిషి, "అప్పిచ్చిన కోడిపెట్ట గుర్తుందా రా?" అని అరిచింది. అందరూ నవ్వారు. పాదిరిగారు విసుగ్గా చెయ్యి ఊపారు. బాగా అలిసిపోయినట్టున్నారు. చిరుగుల అంగీ కింద పాదాలు పగిలి ఉన్నాయి. తను అడిగేది ఎంత చిన్న ప్రశ్న, దానికి ఊరు ఊరంతా ఎందుకు ఇంత చెమట పడుతోందో అర్థంకానివాడిలా చూస్తున్నారు.

"దొమింగో సోలిన్," అని పిలిచాడు గాస్పర్. "భార్య మగ్దలేనా. ఇంకో భార్య... మగ్దలేనా." అతను కాగితం వంక మళ్లీ చూశాడు. "సరే. మొదట ఎవరిని పెళ్లాడావు?"

సోలిన్ దుప్పటి సర్దుకున్నాడు. అతను సెంతెవా వైపు చూడలేదు. నెకవాల్ వైపు కూడా చూడలేదు. సగం పాము తల ఉన్న రాయి ఒకటి గోడలో ఉంటే దానివైపు చూశాడు.

"గుర్తులేదయ్యా," అన్నాడు.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అంతకుముందు ఎన్నోసార్లు ఈ క్షణాన్ని తలుచుకుని సెంతెవా తను చెప్పాల్సిన మాటలు కూర్చిపెట్టుకుంది. నాలుగు ముద్దలు, తుమ్ము, పొయ్యి, చాప. తీరా ఇప్పుడు ఒక్కటీ అనబుద్ధి కాలేదు. పంతొమ్మిదేళ్ల కాపురాన్ని బయట పెట్టి, ఇదిగో చూడండి అని బతిమాలుకోవాలా? ఆమె నోరు తెరిచేలోగా గాస్పర్, "అయితే ఎవరిని ఉంచుకుంటావ్?" అని అడగనే అడిగాడు.

సోలిన్ చెయ్యి దుప్పటిలోంచి బయటికి వచ్చింది.

"ఆగండయ్యా," అంది నెకవాల్.

పిల్లని కిందికి దించి రెండడుగులు ముందుకి వచ్చింది. ఆమె గొంతు గట్టిగా లేదు, వణకనూ లేదు. బజారులో కూర ధర చెబుతున్నట్టుగా ఉంది.

"ఆయనకి గుర్తులేకపోతే నాకు గుర్తుంది. నేను ఆ ఇంటికి వచ్చేసరికి ఈవిడ ఉంది. నాకు ముడి పడలేదు. కొంగు కొంగు కట్టలేదు, నోట్లో ముద్ద పెట్టలేదు. నన్ను చాప మీద కూర్చోబెట్టారు, అంతే. ముడి పడింది ఈవిడకి. మొదటిది ఈవిడే."

రెండో ఆడది తనకి ముడి పడలేదని నలుగురిలో చెప్పుకోవడం ఆ ఊళ్లో ఎవరూ వినలేదు. పడిందనే చెప్పుకుంటారు అందరూ. గాస్పర్ ఆ మాట పాదిరికి చెప్పాడు. పాదిరిగారి ముఖం విప్పారింది. పొద్దున్నించీ ఎవరో ఒకరు నిజం చెబుతారని ఎదురుచూస్తున్నవాడిలా, నెకవాల్ తల మీద చెయ్యి పెట్టి ఏదో దీవించారు. తర్వాత సెంతెవా పేరు రాసుకున్నారు. ఆమె తల మీద చెయ్యి పెట్టలేదు.

గెలిచింది. అయినా ఇంటికి వెళ్లేదారిలో ఆడవాళ్లందరూ నెకవాల్ చుట్టూ మూగారు. ఎవరో ఆమె చేతిలో చిలగడదుంప పెట్టారు, ఎవరో పిల్లని ఎత్తుకున్నారు. సెంతెవా పక్కన నడిచినవాడు సోలిన్ ఒక్కడే. అతని ముఖం ఉడకబెట్టిన నాగజెముడు మట్టలా ఉంది. నిజం చెప్పే అదృష్టం కూడా దానికేనా, అనుకుంది సెంతెవా. ఆ మాట నేను చెప్పాల్సింది. నా మాట.

మర్నాడు పొద్దెక్కాక నెకవాల్ బయల్దేరింది. పుట్టింటినుంచి తెచ్చుకున్న సన్నెకల్లుని తాళ్లతో వీపుకి కట్టుకుని, పట్టీ నుదుటికి తగిలించుకుంది. ఒక చేతిలో మగ్గం కర్రలు, ఇంకో చేతిలో షోకో చెయ్యి. సోలిన్ తెల్లారకముందే రాళ్ల పనికి మనుషుల్ని తోలుకుపోతున్నానని చెప్పి వెళ్లిపోయాడు. సెంతెవా గుమ్మంలో నిలబడి చూసింది. వాళ్లు వీధి మలుపు తిరిగారు. అప్పుడు ఆమె కాళ్లు వాటంతట అవే కదిలాయి.

వాగు దగ్గర వాళ్లని అందుకుంది. నెకవాల్ రాయి బరువుకి వంగి, ఒగరుస్తూ ఆగింది.

"పిల్లని ఉంచిపో," అంది సెంతెవా.

నెకవాల్ పట్టీ కిందనుంచి తలెత్తి చూసింది. "అది నీ ఒళ్లో పడుకుంటుందని అడుగుతున్నావా అక్కా, నాకు లేకుండా చెయ్యాలని అడుగుతున్నావా?"

రెండూ నిజమే అనిపించింది సెంతెవాకి. షోకో వాగులో కాళ్లు తడుపుకుంటూ చిన్న చేపని పట్టుకోబోతోంది. ఆ పిల్ల ఈ ఇద్దరి వైపు చూడటం లేదు.

"ఎందుకు చెప్పావ్ నిన్న?" అంది చివరికి. "ఆయన నిన్నే చూపించబోయాడు. ఊరుకుంటే సరిపోయేది."

"చూపించబోయాడు కాబట్టే చెప్పాను."

"అంటే?"

నెకవాల్ రాయిని గట్టు మీదికి ఆనించి కాస్త బరువు దించుకుంది. "తొమ్మిదేళ్లు నీ ముడి చూసి ఏడ్చాను అక్కా. నీకు తెలుసో లేదో. పండక్కి ఆ పెళ్లినాటి బట్ట తీసి ఎండలో వేసేదానివి చూడు, దాని అంచు ముడతపడి ఉండేది. దాన్ని చూస్తే నా కడుపు కుతకుతలాడేది. నేను వెయ్యి రొట్టెలు పొంగించినా ఆ ముడత నాకు రాదు కదా అని. నా పిల్ల రాత్రిళ్లు నీ పక్కనే పడుకునేది. అదీ మండేది."

సెంతెవా వాగులో ఉన్న పిల్ల వైపు చూసింది.

"నిన్న ఆయన ఆ ముడి గుర్తులేదన్నాడు," అంది నెకవాల్. "పంతొమ్మిదేళ్ల ముడి. ఇంక నేను దేన్ని చూసి ఏడవాలి? నిన్ను మర్చిపోయినవాడు రేపు నన్ను గుర్తుంచుకుంటాడా? నాకు అసలు ముడే లేదు. మా అమ్మ దగ్గర నేత ఉంది. పన్ను బట్టలు అక్కడా నెయ్యాలి, ఇక్కడా నెయ్యాలి. అక్కడైతే నాకు ఎవరి బుట్టలోకి ఎవరి చెయ్యి పోతుందో చూసుకుంటూ కూర్చునే పని ఉండదు."

"నాకు పోవడానికి ఇల్లు లేదు," అంది సెంతెవా. ఎందుకు అందో ఆమెకే తెలియదు.

"తెలుసు. అందుకు కూడా చెప్పాను. కానీ ముందు నా కోసమే చెప్పాను. నన్ను మంచిదాన్ని చెయ్యకు."

నెకవాల్ మళ్లీ పట్టీ సర్దుకుని, "షోకో, రా," అని కేకేసింది. పిల్ల ఖాళీ చేతులతో పరుగెత్తుకొచ్చి, సెంతెవా మోకాళ్లని తడి చేతులతో ఒకసారి వాటేసుకుంది. "పెద్దమ్మా, నువ్వు కూడా రా," అంది.

"రాదు," అంది నెకవాల్. "పెద్దమ్మకి రేపు పెళ్లి."

వాళ్లు వాగు దాటారు. అవతల ఎత్తు ఎక్కుతుంటే నెకవాల్ వీపు మీద రాయి అటూ ఇటూ ఊగింది. సగం ఎత్తులో ఆగి, పిల్ల ఏదో అంటే నవ్వింది. ఆ నవ్వు ఇక్కడిదాకా వినబడింది. ఇన్నాళ్లూ సెంతెవా ఆ నవ్వుని ఇంటి గోడల మధ్యే విన్నది. బయట అది ఇంత దూరం వస్తుందని తెలియదు.

ఇంటికి వచ్చేసరికి ఆడవాళ్లు వచ్చి ఉన్నారు. రేపు చర్చిలో పెళ్లికూతురు కాబట్టి తలంటి జడ వెయ్యాలి. తెపిన్ కూడా వచ్చింది, అన్న ఇంటినుంచి. పిలవకుండానే వచ్చి, దువ్వెన తనే తీసుకుని సెంతెవా వెనక కూర్చుంది.

"అదృష్టం అంటే నీదే," అంది తెపిన్. "ఇల్లూ మిగిలింది, మొగుడూ మిగిలాడు. పొయ్యి కూడా రెండు."

ఎవరో నవ్వారు. ఎవరో పాట అందుకున్నారు. సెంతెవాని చూసి, ఈసారైనా నాలుగో ముద్ద మింగుతావా అని పాపాన్ అవ్వ మూలనుంచి హాస్యమాడింది. తెపిన్ దువ్వెన కుదుళ్లలోకి దిగి, తల మీద చర్మం లేచొచ్చేలా లాగింది. మళ్లీ లాగింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ లాగుడు సెంతెవాకి తెలుసు. తొమ్మిదేళ్ల క్రితం, నెకవాల్‌ని చాప మీద కూర్చోబెట్టేముందు ఆ పిల్లకి ఇలాగే తల దువ్వింది తనే. పిల్ల కిక్కురుమనలేదు అప్పుడు.

ఆమె కూడా కిక్కురుమనలేదు. కానీ వాకిలి తెరిచి ఉంది. వాకిట్లోంచి చూస్తే కప్పుల మీదుగా ఎత్తు మీది దారి ఒక ముక్క కనిపిస్తుంది. ఈపాటికి వాళ్లు ఆ మలుపు దగ్గరికి వచ్చి ఉంటారు. పిల్ల నడవలేక ఎత్తుకోమని అడిగి ఉంటుంది. రాయి మోస్తూ అది పిల్లని ఎలా ఎత్తుకుంటుంది? ఎత్తుకుంటుంది. దానికి అన్నీ చేతనవుతాయి.

సెంతెవా మెడ చాచి అటు తిరగబోయింది.

"కదలకు," అంది తెపిన్, రెండు చేతులతో ఆమె తలని పట్టి మళ్లీ ముందుకి తిప్పుతూ. "పాపిడి వంకరపోతుంది."